గాజు పరిశ్రమ – ఆర్థిక అంతరాయాలు: తెలుగు నేల అనుభవం

వ్యాస సంగ్రహం:
దిగుమతుల పోటీ, యుద్ధం, ఇంధన మార్పు, మహమ్మారి అనే నాలుగు రకాల ఆర్థిక అంతరాయాలను గాజు పరిశ్రమ గత శతాబ్దాలలో ఎదుర్కొంది. ఈ పరిశ్రమ వాటిని తట్టుకొన్న తీరును తెలుగు పదజాలం, పాపానాయుడుపేట గాజుపూసల తయారీ, వలసపాలన నాటి సుంకాల విధానం, 2020 నాటి లాక్‌డౌన్ ఆధారాలుగా ఈ వ్యాసం వివరిస్తుంది. పెద్ద కర్మాగారానికి కొలిమి చల్లారడం ప్రమాదమైతే, చేతివృత్తికి పనివారి బృందం చెదిరిపోవడం అంతకు మించిన ప్రమాదమని ఈ పరిశీలన నిరూపిస్తుంది.

కీలక పదాలు: గాజు, మట్టిగాజులు, గాజుపూసలు, పాపానాయుడుపేట, సోడా యాష్, ఆర్థిక అంతరాయం.

1. ఉపోద్ఘాతం:
గౌతమీ తీరంలోని కపిలేశ్వరపురం వంటి గ్రామాలు ఒండ్రునేల గ్రామాలు. వరి, కొబ్బరి పండే ఆ నేలలో గాజు తయారీ లేదు. అయినా గాజు లేని ఇల్లు అక్కడ కనిపించదు. పెంకుటింటి కప్పులో వెలుతురు కోసం అమర్చే గాజుపెంకు, కిటికీ పలక, దేవుని పటానికి బిగించిన అద్దం, ముత్తైదువ చేతి గాజులు, మెడలోని నల్లపూసలు అన్నీ బయటి నుండి వచ్చినవే. ఉత్పత్తి ఒకచోట, వాడకం మరొకచోట ఉన్నప్పుడు ఎక్కడో కొలిమి ఆగితే దాని ప్రభావం డెల్టా గ్రామపు దుకాణం వరకు వస్తుంది. కాబట్టి గాజు పరిశ్రమ ఒడిదుడుకులను తయారీ కేంద్రాల చరిత్రగా మాత్రమే కాక, వాడుకరుల సంస్కృతిలో భాగంగా కూడా చూడవలసి ఉంటుంది.

2. పదజాలం – వర్తక చరిత్ర:
తెలుగులో గాజు సంబంధమైన పదాలు ఒకే కాలానికి చెందినవి కావు. ‘గాజు’ సంస్కృత ‘కాచ’ శబ్దానికి వికృతి. ‘అద్దం’ సంస్కృత ‘ఆదర్శ’ శబ్దం నుండి ప్రాకృతం మీదుగా వచ్చింది. ‘సీసా’ పారసీక ‘శీషా’ నుండి, ‘గ్లాసు’ ఆంగ్లం నుండి చేరాయి. ప్రతి పదమూ ఒక్కొక్క వర్తక దశకు గుర్తు. స్టీలుతో చేసిన పాత్రను కూడా ‘గ్లాసు’ అనడం వస్తువు మారినా పేరు నిలిచిపోతుందనడానికి ఉదాహరణ.

ఇంతకన్న ఆసక్తికరమైనది ‘గాజు’ పదపు అర్థవ్యాప్తి. పదార్థం పేరే ఆభరణం పేరయింది. ఆ ఆభరణం బంగారంతో చేసినా గాజే. దీనితో అసలు గాజుతో చేసిన గాజును వేరుగా చెప్పవలసిన అవసరం కలిగి, ‘మట్టిగాజులు’ అనే పదబంధం వాడుకలో ఉంది. ఈ ‘మట్టి’ శబ్దం నిరాధారం కాదని భావించవచ్చు. దక్షిణ భారతంలో చవుడు నేల మీద పేరుకొనే క్షారాన్ని ఇసుకతో కలిపి కరిగించి గాజు చేసే పద్ధతి ఉండేది. 1800లో మైసూరు ప్రాంతంలో పర్యటించిన ఫ్రాన్సిస్ బుకానన్, ముత్తోడు వద్ద ఇటువంటి క్షారంతో గాజు చేసి గాజులు తయారుచేయడాన్ని నమోదు చేశాడు. మన్నుతో పుట్టిన ఆభరణానికి మట్టిగాజు అనే పేరు సహజంగానే పొసగుతుంది.

3. కొలిమి స్వభావం:
గాజు పరిశ్రమకు అంతరాయం ఎందుకు అంత ప్రమాదకరమో తెలియాలంటే కొలిమి స్వభావం తెలియాలి. ఇసుకలోని సిలికా ఒంటరిగా కరగాలంటే 1700 డిగ్రీల సెల్సియస్‌కు పైగా వేడి కావాలి. సోడా కలిపితే ఆ వేడి తగ్గుతుంది. సున్నం కలిపితే గాజు నీటికి కరగకుండా నిలుస్తుంది. అయినా నేటి కర్మాగారాలలో కొలిమి సుమారు 1500 డిగ్రీల వద్ద పనిచేస్తుంది. పలకగాజు కర్మాగారపు కొలిమి ఒకసారి వెలిగిస్తే పదేళ్లకు పైగా ఆరకుండా మండుతుంది. మధ్యలో చల్లారితే లోపలి గాజు గడ్డకట్టి, ఇటుకల గోడ బీటలు వారుతుంది. అందువల్ల గిరాకీ పడిపోయినా ఇంధనపు ఖర్చు పూర్తిగా ఆగదు. ఇతర పరిశ్రమల వలె తాళం వేసి ఎదురుచూసే వీలు గాజుకు లేదు.

ముడిసరుకు విషయంలో తెలుగు నేల సమృద్ధమైనదే. గూడూరు ప్రాంతంలోని చిల్లకూరు, కోట మండలాల సిలికా ఇసుక గాజు తయారీకి ప్రసిద్ధం. అయితే ఇసుక ఒక్కటే గాజు కాదు. సోడా, ఇంధనం, నైపుణ్యం అనే మిగిలిన మూడింటిలో ఏ ఒక్కటి ఆగినా కొలిమి ఆగుతుంది.

4. పాపానాయుడుపేట అనుభవం:
తిరుపతి జిల్లా ఏర్పేడు మండలంలోని పాపానాయుడుపేట గాజుపూసల తయారీకి పరిశోధన లోకంలో గుర్తింపు పొందిన గ్రామం. పూసల చరిత్రకారుడు పీటర్ ఫ్రాన్సిస్ ఇక్కడి పద్ధతిని పరిశీలించి, పుదుచ్చేరి సమీపంలోని అరికమేడు ప్రాచీన పూసల తయారీకి ఇది వారసత్వమని ప్రతిపాదించాడు. అరికమేడులో 1945లో మార్టిమర్ వీలర్ తవ్వకాలు జరిపాడు. అక్కడ తయారైన తరహా చిన్న ఏకవర్ణపు పూసలు తూర్పు ఆఫ్రికా తీరం నుండి కొరియా వరకు లభించాయి. ఫ్రాన్సిస్ వాటికి ‘ఇండో–పసిఫిక్ పూసలు’ అని పేరు పెట్టాడు.

ఈ పద్ధతికి కీలకం ‘లాడా’ అనే బోలు ఇనుప గొట్టం. కరిగిన గాజును ముద్దగా గొట్టపు కొనకు చేర్చి, శంకువు ఆకారానికి తెస్తారు. గొట్టం లోపలి నుండి ఇనుప కడ్డీని దూర్చి ముద్దలో బోలు ఏర్పరుస్తారు. తరువాత దానిని కొలిమిలో ఉంచగా, నిపుణుడు ఆ ముద్ద కొనను కొక్కెంతో అందుకొని సన్నని బోలుగొట్టంగా చేతితో లాగుతాడు. తెగకుండా, లావు మారకుండా లాగడమే విద్య. ఆ గొట్టాలను చిన్నచిన్న ముక్కలుగా కోస్తారు. రంధ్రాలు పూడుకుపోకుండా బూడిదతో కలిపి మళ్లీ వేడిచేస్తే అంచులు నునుపు తేలుతాయి. ఆపై జల్లించి, ఏరి, దండలుగా గుచ్చుతారు. కోత, గుచ్చడం వంటి పనులలో స్త్రీల శ్రమ ప్రధానం.

వెనిస్ 15వ శతాబ్ది చివరి నుండి లాగుడు పూసలను పెద్ద ఎత్తున తయారుచేసింది. 19వ శతాబ్దిలో బొహీమియా యంత్రబలంతో పోటీకి వచ్చింది. సముద్రాంతర విపణి చేజారినా పాపానాయుడుపేట కొలిమి 20వ శతాబ్ది చివరి దశాబ్దాల వరకు వెలిగింది. దీనికి మూడు కారణాలను ఊహించవచ్చు. మొదటిది, ఒకే పనిముట్టుతో రంగు మార్చి, పరిమాణం మార్చి కొత్త గిరాకీకి సరిపడే పూసను చేయగలగడం. రెండవది, పెట్టుబడి యంత్రంలో కాక మనిషి చేతిలో ఉండడం. మూడవది, చిన్న పూసకు దేశంలోనే ఆచారబద్ధమైన గిరాకీ ఉండడం. నల్లపూసలు అలంకారం మాత్రమే కావు, మాంగల్యంలో భాగం. అలంకారానికి ఖర్చు తగ్గించుకొన్న కుటుంబం కూడా ఆచారానికి తగ్గించదు.

అయితే ఈ బలంలోనే బలహీనత ఉంది. గొట్టం లాగేవాడు ఒక్కడే పూస చేయలేడు. ముద్ద చేర్చేవారు, నిప్పు చూసేవారు, కోసేవారు, గుచ్చేవారు కలిస్తేనే పూస. చిన్న కొలిమి చల్లారితే మళ్లీ వెలిగించవచ్చు. కాని బృందం కూలిపనులకు చెదిరిపోతే, గ్రంథస్థం కాని ఆ విద్యను తిరిగి కూర్చడం సాధ్యం కాదు.

5. యుద్ధం – సుంకాలు:
మొదటి ప్రపంచయుద్ధానికి ముందు భారతదేశపు గాజుల విపణిలో ఆస్ట్రియా సామ్రాజ్యంలోని బొహీమియా సరుకుది పెద్ద వాటా. 1914లో యుద్ధం రావడంతో ఆ సరఫరా తెగిపోయింది. ఆ ఖాళీని కొంత జపాను, కొంత ఫిరోజాబాదు వంటి దేశీయ కేంద్రాలు పూరించాయి. యుద్ధానంతరం విదేశీ సరుకు మళ్లీ రావడంతో దేశీయ కర్మాగారాలు రక్షణ సుంకం కోరాయి. సుంకాల మండలి 1932లో రక్షణకు అనుకూలంగా నివేదిక ఇచ్చింది. సోడా యాష్ దేశంలో తగినంత దొరకదనే కారణంతో ప్రభుత్వం 1935లో దానిని తిరస్కరించింది. ఇసుక, కూలీ, విపణి ఉన్న పరిశ్రమ ఒక్క క్షారం కొరతతో రక్షణ కోల్పోయింది. చవుడు నుండి క్షారం తీసిన దేశంలో ఈ కారణం చూపడం గమనార్హం.

6. ఇంధన మార్పు – మహమ్మారి:
నేడు తెలుగు నేలకు వచ్చే మట్టిగాజులలో అధికభాగం ఫిరోజాబాదువి. తాజమహల్ పరిరక్షణ వ్యాజ్యంలో 1996 డిసెంబరు 30న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ఆ ప్రాంతపు పరిశ్రమలు బొగ్గును విడిచి సహజవాయువుకు మారవలసి వచ్చింది. వాయువు పొగను తగ్గించింది. దానితోపాటు కొలిమి ఖర్చును ప్రపంచ ఇంధన ధరలకు ముడివేసింది.

2020 మార్చి 25న మొదలైన లాక్‌డౌన్ మరో రకపు అంతరాయం. అది కొలిమినీ, రవాణానూ, విపణినీ ఒకేసారి ఆపింది. పెళ్లిళ్ల కాలంలో ముహూర్తాలు వాయిదాపడడంతో, అంతవరకు కవచంగా ఉన్న ఆచారపు గిరాకీయే నిలిచిపోయింది. ఫిరోజాబాదులో గాజు కొసలను దీపపు మంట మీద అతికే పని ఇళ్లలో సాగుతుంది. ముక్కకు ఇంత అని కూలి పొందే ఆ గృహశ్రామికులకు పని లేని రోజు కూలి లేని రోజే. నిర్మాణపు పనులు ఆగడంతో అద్దాల దుకాణాలలో పలకలు కోసి బిగించే పనివారికీ ఉపాధి పోయింది.

ఇటువంటి వేళ పరిశ్రమకు అందుబాటులో ఉన్న ఉపాయాలలో ముఖ్యమైనది పగిలిన గాజు వాడకం. ముడిసరుకులో ప్రతి 10 శాతం పగులుగాజుకు సుమారు 2.5 నుండి 3 శాతం ఇంధనం ఆదా అవుతుంది. పాత సీసాలు సేకరించేవారు ఈ విధంగా కొలిమికి తెలియకుండానే తోడ్పడుతున్నారు.

7. ముగింపు:
పై పరిశీలన వల్ల ఈ కింది అంశాలు తేలుతున్నాయి.
- తెలుగులోని గాజు పదజాలం వరుసగా వచ్చిన వర్తక దశలకు సాక్ష్యం. ‘మట్టిగాజు’ దేశీయ తయారీ స్మృతిని నిలుపుకొన్న పదంగా భావించదగినది.
- ఆచారబద్ధమైన గిరాకీ గాజు పరిశ్రమను దీర్ఘకాలం కాపాడింది. శుభకార్యాలే ఆగినప్పుడు ఆ రక్షణ పనిచేయలేదు.
- పెద్ద పరిశ్రమకు అవసరమైన సహాయం ఇంధనం, రుణం. చేతివృత్తికి అవసరమైనది పని లేని నెలల్లో బృందం చెదరకుండా నిలిపే ఆదాయం. ఈ రెండింటినీ ఒకే గాట కట్టడం సరికాదు.
- లాడా పద్ధతి వంటి వృత్తివిద్యలలోని పనిముట్ల పేర్లు, పని దశల పేర్లు, కొలతలు వృత్తిపదకోశాలలో చేరవలసి ఉంది. తెలుగు శాఖల క్షేత్రపరిశోధనకు ఇది తగిన విషయం. పదాలు చెప్పగల నిపుణులు ఉన్నప్పుడే ఆ పని జరగాలి.