అంతరిక్షం నుంచి ఉద్గారాల పరిశీలన: ఏ ఉపగ్రహం ఏం చూడగలదు?

పిడుగురాళ్ల సున్నపు బట్టీల నుంచి, మాచర్ల, దాచేపల్లి ప్రాంతాల సిమెంటు ఫ్యాక్టరీల నుంచి వెలువడే వాయువులు ఉపగ్రహాలకు కనిపిస్తాయా? దీనికి ఒక్క మాటలో జవాబు లేదు. ఏ వాయువు, ఏ ఉపగ్రహం అన్నది ముందు తేల్చుకోవాలి.

ఉపగ్రహం వాయువును నేరుగా తూచదు. నేలను తాకి తిరిగి పైకి వచ్చే సూర్యకాంతిని కొలుస్తుంది. ఒక్కో వాయువు కొన్ని ప్రత్యేక తరంగదైర్ఘ్యాల కాంతిని పీల్చుకుంటుంది. ఆ తగ్గుదలను బట్టి, నేల నుంచి పైదాకా ఉన్న గాలిలో ఆ వాయువు ఎంతో లెక్క కడతారు. దట్టమైన మేఘం అడ్డొస్తే ఈ లెక్క కుదరదు.

ఇప్పుడు మూడు ఉపగ్రహాలను పోల్చి చూడండి.

1. సెంటినెల్-5పీ (2017): 2,600 కి.మీ. వెడల్పున చూస్తూ దాదాపు భూమి అంతటినీ రోజూ పరిశీలిస్తుంది. కాని నైట్రోజన్ డయాక్సైడ్‌కు దీని ఒక్కో గడి సుమారు 5.5 × 3.5 కి.మీ. బట్టీ, ఊరు, రహదారి ఒకే గడిలో కలిసిపోతాయి.

2. ఓసీఓ-2 (2014): కార్బన్ డయాక్సైడ్‌ను సూక్ష్మంగా కొలుస్తుంది. అయితే సుమారు 10 కి.మీ. పట్టీనే చూస్తుంది. పట్టీల మధ్య పెద్ద ఖాళీలు మిగులుతాయి.

3. జీహెచ్‌జీశాట్-డి (2016): మన శ్రీహరికోట నుంచే పీఎస్‌ఎల్‌వీ-సీ34 ద్వారా వెళ్లింది. ఎంచుకున్న చిన్న చోటును సుమారు 50 మీటర్ల గడులతో చూసి, ఒకేచోట నుంచి భారీగా వెలువడే మీథేన్‌ను పట్టుకోవడానికి రూపొందింది. సాగర్ కుడికాలువ కింది వరి మడుల్లో లాగా పలుచగా పరచుకున్న మీథేన్‌కు ఇది తగదు. దానికి విశాలంగా చూసే సెంటినెలే మేలు.

వాయువు స్వభావమూ ముఖ్యమే. 100 కిలోల స్వచ్ఛమైన కాల్షియం కార్బనేట్ పూర్తిగా కాలితే 44 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. కాని గాలిలో ఆ వాయువు ఇప్పటికే 420 పీపీఎంకు పైగా ఉంది. చిన్న బట్టీ చేర్చేది అందులో కలిసిపోతుంది. నైట్రోజన్ డయాక్సైడ్ మాత్రం పగటిపూట కొన్ని గంటల్లోనే తగ్గిపోతుంది. అందువల్ల పెద్ద వనరు ఉన్నచోట అది స్పష్టంగా కనిపిస్తుంది.

కాబట్టి "ఉపగ్రహానికి కనిపించలేదు" అంటే "ఉద్గారం లేదు" అని అర్థం కాదు. చిన్న బట్టీల విషయంలో పొగగొట్టం దగ్గర కొలతలు, ఇంధనం, సున్నపురాయి లెక్కలే ఆధారం.

స్వయం పరీక్ష: ఒక రోజు ఉపగ్రహ పటంలో పిడుగురాళ్ల మీద ఏ మార్పూ కనిపించలేదు. బట్టీలు ఆ రోజు పనిచేయలేదని చెప్పవచ్చా? రెండు కారణాలతో వివరించండి.