ఎడారి చలికి డీజిల్ హీటర్

ఖతార్‌లో హీటరేమిటని అడుగుతారేమో! 2017 ఫిబ్రవరిలో సౌదీ సరిహద్దు దగ్గరి అబూ సమ్రాలో ఉష్ణోగ్రత 1.5 డిగ్రీలకు పడిపోయింది. చలికాలంలో సీలైన్ ఇసుకతిన్నెల దగ్గర కారవాన్లలో రాత్రిళ్ళు గడిపేవాళ్ళకి వెచ్చదనం కావాలి. దోహాలో కంప్యూటర్లతో కుస్తీపట్టే నాకు ఈ యంత్రం పొందిక భలే నచ్చింది.

చిన్న పంపు డీజిల్‌ని కొద్దికొద్దిగా పంపిస్తుంది. గ్లో ప్లగ్ ఎర్రగా కాలి దాన్ని అంటిస్తుంది. మంట ఒక మూసిన అరలోనే ఉంటుంది. దానికి గాలి బయటినుంచి వస్తుంది, పొగ బయటికే పోతుంది. బండి లోపలి గాలి ఆ అర గోడల్ని మాత్రం తాకి వేడెక్కుతుంది. మన భాషలో చెప్పాలంటే, రెండు ప్రాసెస్‌లు, ఉమ్మడి మెమరీ లేదు.

ఈ వేర్పాటులోనే ప్రాణం ఉంది. మూసిన గుడారంలో బొగ్గులు రాజేస్తే పుట్టే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగూ వాసనా ఉండవు. నిద్రలోనే చంపేస్తుంది. అందుకే పొగగొట్టాన్ని కిటికీలకీ, గాలి పీల్చే గొట్టానికీ దూరంగా బిగించాలి. అతుకులు వదులుగా ఉండకూడదు. గొట్టం చివర ఇసుకలో కూరుకుపోకుండా రోజూ చూసుకోవాలి.

ఎప్పుడూ సన్నమంట మీదే నడిపితే లోపల మసి పేరుకుంటుంది. అప్పుడప్పుడు పూర్తి వేడిలో కాసేపు నడపండి. ఆపేటప్పుడు స్విచ్‌తోనే ఆపండి. బ్యాటరీ తీగ పీకితే ఫ్యాన్ ఆగిపోయి వేడి లోపలే చిక్కుకుంటుంది. సర్వర్‌ని షట్‌డౌన్ చెయ్యకుండా ప్లగ్ పీకడం లాంటిదే ఇది. వాడని నెలల్లోనూ నెలకోసారి ఏ తెల్లవారుజామునో పది నిమిషాలు నడపండి.

ఇవన్నీ చేసినా, పడుకునేచోట కార్బన్ మోనాక్సైడ్ అలారం మాత్రం తప్పనిసరి. బ్యాకప్ లేని సిస్టమ్‌ని మనం నమ్మం కదా!