తండ్రి గద్దె, కూతురి హక్కు

శ్రీనాథ మహాకవి కాశీఖండాన్ని అంకితం అందుకున్న వీరభద్రారెడ్డి పేరు రాజమహేంద్రవరం వారికి కొత్త కాదు. అయితే ఆయన ఏలిన సీమ తాత తండ్రుల నుంచి వచ్చింది కాదు. అది మామగారి ఆస్తి.

ఆ మామగారు కాటయ వేమారెడ్డి. కొండవీటి ప్రభువు కుమారగిరిరెడ్డి తోబుట్టువు మల్లాంబికకు భర్త. కుమారగిరి వసంతోత్సవాలలో మునిగి ఉంటే రాచకార్యాలు నెత్తిన వేసుకున్నది ఈయనే. అందుకు ప్రతిఫలంగా గోదావరి సీమ దక్కింది. కత్తి పట్టిన చేత్తోనే కాళిదాసు మూడు నాటకాలకు వ్యాఖ్యానం రాసి, దానికి బావమరిది మీద అభిమానంతో 'కుమారగిరిరాజీయం' అని పేరు పెట్టాడు.

1402 ప్రాంతంలో కొండవీడు పెదకోమటి వేమారెడ్డి పాలయింది. కాటయ వేముడు ఆయనకు తలవంచలేదు. జ్ఞాతుల పోరు గోదావరి దాకా పాకింది. 1414 ప్రాంతంలో ఆయన కన్నుమూసేసరికి కొడుకు ఇంకా చిన్నవాడు. అల్లాడరెడ్డి అండగా నిలిచి ఆ కుర్రవాడి తరఫున పాలన సాగించాడు. కుర్రవాడూ ఎంతో కాలం బతకలేదు. మిగిలింది ఆడపిల్ల అనితల్లి.

సైన్యమంతా తన చేతిలో ఉన్న అల్లాడరెడ్డి ఆమెను పక్కకు నెట్టి తానే గద్దె ఎక్కి ఉంటే అడ్డేవారెవరు? అలా జరగలేదు. అనితల్లి ఆయన కొడుకు వీరభద్రుని ఇల్లాలు. అన్న వేమారెడ్డి ఉండగానే తమ్ముడు వీరభద్రుని పేరు ముందుకు రావడానికి ఆ పెళ్లే కారణం. ఇది విశ్వాసమా, లెక్కా అంటే, ఆస్తి ఉన్న పిల్లను కోడలిగా తెచ్చుకున్న ఇళ్లు మన ఊళ్లలోనూ ఉన్నాయి. రెండూ కలిసే ఉంటాయి. ఏమైనా కూతురికీ హక్కుందని ఒప్పుకోక తప్పలేదు. మన రాష్ట్రంలో ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లకు సమాన వాటా చట్టం అమలైంది 1985 సెప్టెంబరు 5 నుంచి, అదీ అప్పటికి పెళ్లికాని వారికే. దేశమంతటా రావడానికి 2005 దాకా పట్టింది.

అనితల్లి ఒట్టి పేరుకే వారసురాలు కాదు. 1423 నాటి కలువచేరు శాసనం ఆమె వేయించిందే. కాకతీయులు పడిపోయాక ముసునూరి ప్రోలయ, కాపయ నాయకులు ఏం చేశారో, వారి వెంట డెబ్బైఐదుగురు నాయకులు నిలిచారన్న మాటేమిటో చెప్పేది ఆ రాగిరేకులే. ఒక దానపత్రంలో అంత చరిత్ర చెక్కించాలని ఆమెకు ఎందుకు తోచిందో! తండ్రి వ్యాఖ్యాత కదా, ఆ రక్తమేమో.

ఇంకో పాతికేళ్లకు, 1448 ప్రాంతంలో, రాజమహేంద్రవరం కపిలేశ్వర గజపతి వశమైంది.