‘ఒక్క ఆటే’ అంటూ గంట గడిచిపోతోందా?

మీ అబ్బాయి ఫోన్‌లోకి ఓసారి తొంగిచూడండి. కోట్లు పోసి తీసిన భారీ గేమ్ ఉంటుందనుకుంటారు. తీరా చూస్తే నాలుగు గీతలు, రెండు రంగులు! ఒక్కరో ఇద్దరో కలిసి తయారుచేసిన బుల్లి ఆట. పెద్ద కంపెనీల అండ లేని ఇలాంటివాటిని ‘ఇండీ’ గేమ్స్ అంటారు. పిల్లలే కాదు, ఆఫీసు నుంచి అలసి వచ్చిన పెద్దలూ వీటికి అతుక్కుపోతున్నారు. అంతగా ఏముంది వీటిలో?

‘సూపర్ హెక్సగాన్’నే తీసుకోండి. టెర్రీ కవానా అనే ఐర్లాండ్ డెవలపర్ 2012లో విడుదల చేశారు. మధ్యలో చిన్న త్రికోణం. చుట్టూ గోడలు దూసుకొస్తుంటాయి. దాన్ని కుడికో ఎడమకో తిప్పి తప్పించుకోవాలి, అంతే. కొత్తవాళ్లు పది సెకన్లు నిలబడితే గొప్ప. 60 సెకన్లు నిలిస్తే ఆ దశ గెలిచినట్టే. ఓడిపోతే ఒక్క నొక్కుతో మళ్లీ మొదలు. బాధపడే తీరికే ఉండదు. పైగా తప్పు ఎక్కడ చేశామో కళ్లకు కడుతుంది. ‘ఈసారి కొట్టేస్తా’ అనిపిస్తుంది. ఒకప్పటి వీడియో గేమ్ పార్లర్లలో చేతిలోని చిల్లర అయిపోయేదాకా ఆడించింది కూడా ఈ ఊపే. కాకపోతే అప్పుడు చిల్లర అయిపోగానే ఇంటికి రాక తప్పేది కాదు!

పని మరీ తేలికగా ఉంటే విసుగు, మరీ కష్టమైతే కంగారు. రెండింటికీ నడుమ, మన నేర్పుకు తగిన సవాలు దొరికినప్పుడు మనసు అందులో లీనమైపోతుంది. మనస్తత్వవేత్త మిహాయ్ చిక్‌సెంట్‌మిహాయ్ దీనికి ‘ఫ్లో’ అని పేరు పెట్టారు. చుక్కల ముగ్గు వేసేటప్పుడు, వీణ సాధన చేసేటప్పుడు కలిగేదీ ఇదే. అందుకే పది నిమిషాలు ఆడి లేచాక మనసు తేలికపడినట్టు ఉంటుంది. ఇది వట్టి భ్రమేమీ కాదు. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2009లో ప్రచురించిన ఒక అధ్యయనంలో కొందరికి కలవరపెట్టే వీడియో చూపించారు. అరగంట తర్వాత వారిలో కొందరితో పది నిమిషాలు ‘టెట్రిస్’ ఆడించారు. ఆ తర్వాతి వారం రోజుల్లో ఆడినవారికి ఆ దృశ్యాలు తక్కువసార్లు గుర్తొచ్చాయి. అలాగని దీన్ని చికిత్స అనుకోవద్దు.

ఇదే ఊపు అదుపు తప్పితే? ‘ఫ్లాపీ బర్డ్’ కథ గుర్తుండే ఉంటుంది. వియత్నాంకు చెందిన డాంగ్ గుయెన్ ఒక్కరే చేసిన ఆట. ప్రకటనల మీద రోజుకు 50 వేల డాలర్లు వస్తున్నాయని వార్తలొచ్చిన రోజుల్లోనే, 2014 ఫిబ్రవరిలో ఆయన దాన్ని యాప్ స్టోర్ల నుంచి తీసేశారు. జనం దానికి బానిసలవుతున్నారన్నదే ఆయన చెప్పిన కారణం. అలా చేయడానికి ఎంతమందికి మనసొప్పుతుంది?

2023లో ఉత్తమ గేమ్‌గా బాఫ్టా అవార్డు అందుకున్న ‘వ్యాంపైర్ సర్వైవర్స్’ది మరో దారి. దీని రూపకర్త లూకా గలాంటే అంతకుముందు జూదపు గేములు తయారుచేసే రంగంలో పనిచేశారు. ఇందులో నిధి పెట్టె తెరుచుకున్నప్పుడు మిరుమిట్లు, మోతలు అచ్చం జూదపు మెషీన్ లాగే ఉంటాయి. తేడా ఏమిటంటే, ఆ పెట్టె తెరవడానికి డబ్బు అడగరు. ఎంత బాగా ఆడుతున్నా, చాలా దశల్లో 30 నిమిషాలు కాగానే మృత్యువే వచ్చి ఆట ముగించేస్తుంది.

పెద్దలు గమనించాల్సింది ఇదే. బొమ్మలు భయంకరంగా ఉన్నాయా అన్నది ఒక్కటే చూస్తే చాలదు. ఆట ఎక్కడైనా ముగుస్తోందా, మధ్యలో డబ్బు అడుగుతోందా, ‘ఈరోజు రాలేదేం?’ అంటూ నోటిఫికేషన్లు పంపుతోందా అన్నది చూడండి. నన్నడిగితే, ఒకసారి కొనేసి ఊరుకునే ఆట, ఉచితం అంటూ రోజూ పిలిచే ఆట కన్నా మేలు.

హద్దు పెట్టేటప్పుడు ఆటను బట్టి పెట్టండి. పది సెకన్ల ఆటకు ‘ఇంకొక్కటే’ అని ఒప్పుకొంటే అది యాభై అవుతుంది. అక్కడ గడియారమే నయం. అరగంట ఆటను మధ్యలో లాక్కుంటే మాత్రం గొడవే. అది మొదలుపెట్టకముందే మాట్లాడుకోవాలి. తదేకంగా తెరను చూస్తుంటే రెప్ప వేయడం తగ్గి కళ్లు పొడిబారతాయి. 20 నిమిషాలకోసారి 20 అడుగుల దూరాన ఉన్నదాన్ని 20 సెకన్లు చూడమనండి. బొటనవేలి మొదట్లో నొప్పి వస్తుంటే కొన్నాళ్లు ఆపేయడమే మందు. పడకపై ఫోన్ వద్దు.

రాత్రి కాసేపు ఆడినంత మాత్రాన జబ్బు కాదు. ఆపాలనుకున్నా ఆపలేకపోవడం, చదువు, తిండి, నిద్ర కన్నా ఆటే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా మానకపోవడం... ఇవి సాధారణంగా ఏడాది పాటు కొనసాగితేనే ప్రపంచ ఆరోగ్య సంస్థ ‘గేమింగ్ డిజార్డర్’ అంటుంది. లక్షణాలు తీవ్రంగా ఉంటే మాత్రం ఏడాది ఆగక్కర్లేదు. మానసిక వైద్యులను కలవండి. నేరుగా వెళ్లడానికి మొహమాటంగా ఉంటే ప్రభుత్వ ‘టెలి మానస్’ సేవకు ఫోన్ చేయొచ్చు. నంబరు 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.