మనోవేదనకు సలహాలు – విశ్వాసి విద్యార్థి తూచి చూడవలసిన విధం

శరీరానికి జ్వరం వస్తే పదిమందికి చెప్పుకొంటాము. మనస్సు నలిగినప్పుడు మాత్రం ఎవరికీ చెప్పుకొనము. అట్లా చెప్పుకొనలేని బాధకు జవాబు వెదకుకొనే చోటు నేడు సెల్‌ఫోన్ అయినది. హాస్టల్ గదిలో తోటివారందరూ నిద్రించిన తరువాత, దుప్పటిచాటున వెలిగే చిన్న తెరను ఒక విద్యార్థి అడుగుతాడు: "నాకు నిద్ర ఎందుకు పట్టటం లేదు? చదివినది తలకు ఎందుకు ఎక్కటం లేదు? నాకు ఏదైనా జబ్బా?" అతడు క్రైస్తవ కుటుంబంలో పెరిగినవాడైతే మరొక ప్రశ్న కూడా తోడవుతుంది: "ఇది జబ్బా, లేక నా విశ్వాసంలోని లోపమా?"

ఈ చివరి ప్రశ్నకు తెర ఇచ్చే జవాబులు సాధారణంగా రెండు విధాలు. ఒక వీడియోలో ఒకరు, "నీ బాధకు మూలం నీ మతమే. పాపమనే భయాన్ని నీలో నాటినవారిని విడిచిపెట్టు; నీకు నీవే ప్రమాణం" అంటారు. వేలు కదపగానే మరొకరు, "ఇది దురాత్మ పని. మందులు పారవేయి, ఉపవాస ప్రార్థన చాలును. తగ్గలేదంటే నీకు విశ్వాసం చాలలేదన్నమాట" అంటారు. పైకి ఈ ఇద్దరూ బద్ధశత్రువులవలె కనిపిస్తారు. కాని ఇద్దరిదీ ఒకే పొరపాటు: విశ్వాసాన్ని, వైద్యాన్ని ఒకదానికొకటి పోటీగా నిలిపి, ఒకటి కావాలంటే రెండవది వదలుమనటం. ఈ పొరపాటును గుర్తించటమెట్లా, మంచి సలహాను చెడ్డదానినుండి వేరుచేయటమెట్లా అన్నదే ఈ వ్యాసంలో విచారింపదలచిన విషయం.

సమస్య ఎంతటిది?

మానసిక రుగ్మతలలో దాదాపు సగం 18 ఏళ్ళ వయస్సులోపే ఆరంభమవుతాయని వైద్యశాస్త్రం చెప్పుచున్నది. బెంగుళూరులోని నిమ్హాన్స్ సంస్థ 2015–16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వేలో 13 నుండి 17 ఏళ్ళ వయస్సువారిలో నూటికి 7 మందికి పైగా ఏదో ఒక మానసిక రుగ్మతతో ఉన్నట్లు తేలినది. అనగా అరవైమంది ఉన్న తరగతిలో నలుగురు. ఆ సర్వేలోనే, ఇటువంటి రుగ్మతలున్నవారిలో అత్యధికులు చికిత్స పొందటం లేదని కూడా వెల్లడైనది. వైద్యుడు దొరకనిచోట, దొరికినా నలుగురేమనుకొంటారోనని వెళ్ళలేనిచోట, సెల్‌ఫోనే వైద్యుడగుటలో ఆశ్చర్యం లేదు.

ఆ వైద్యుడు ఎంతవరకు నమ్మదగినవాడు? 2022లో కెనడా మనోవైద్య పత్రికలో ప్రచురితమైన ఒక పరిశీలన గమనింపదగినది. ఏకాగ్రత నిలువని లోపాన్ని గూర్చి టిక్‌టాక్‌లో అత్యధికులు చూచిన నూరు వీడియోలను పరిశోధకులు పరీక్షింపగా, వానిలో 52 తప్పుదారి పట్టించేవిగా తేలినవి. సగానికి పైగా అన్నమాట! ఎక్కువమంది చూచినంత మాత్రాన మాట నిజం కాదని దీనివలన స్పష్టమగుచున్నది.

గ్రంథం చూపే మార్గం

మనస్సు కుంగిపోవటం అవిశ్వాసానికి గుర్తు అని చెప్పేవారు తమ చేతిలోని బైబిలునే మరొకసారి తెరచి చూడవలెను. రాజుల మొదటి గ్రంథం 19వ అధ్యాయంలో ఏలీయా ప్రవక్త కనిపిస్తాడు. కర్మెలు పర్వతంమీద ఘనవిజయం సాధించినవాడే, యెజెబెలు రాణి బెదిరింపుకు భయపడి, తన దాసుని బేయేర్షెబాలో విడిచి, ఒంటరిగా అరణ్యంలోనికి వెళ్ళి, బదరీవృక్షం క్రింద కూర్చుండి, తన ప్రాణం తీసివేయుమని దేవుని వేడుకొంటాడు. అప్పుడు వచ్చిన దేవదూత అతనిని మందలించలేదు, ప్రసంగం చేయలేదు. తట్టి లేపి, రొట్టె, నీరు ఇచ్చినాడు. ఏలీయా తిని, త్రాగి, మరల నిద్రించినాడు. రెండవసారి కూడా అదే జరిగినది. ఆ తరువాతనే ప్రయాణం. హోరేబు కొండవద్ద అతడు తన బాధ చెప్పుకొనగా దేవుడు విన్నాడు; చేయవలసిన పని అప్పగించినాడు; నీవు ఒంటరివి కావని చెప్పి, ఎలీషాను తోడుగా ఇచ్చినాడు. ఆహారం, నిద్ర, మనస్సు విప్పి చెప్పుకొనే అవకాశం, పని, తోడు – కుంగిపోయినవానికి నేటి మనోవైద్యుడు మొదట సూచించేవి కూడా ఇవే కదా!

కీర్తనల గ్రంథంలో 88వ కీర్తన ఆశాకిరణమేమీ లేకుండానే చీకటిలో ముగుస్తుంది; అయినను అది ప్రార్థనగానే గ్రంథంలో నిలిచినది. యోబు మిత్రులు ఏడు దినాలు మౌనంగా ప్రక్కన కూర్చున్నంతవరకు మంచి స్నేహితులే. నోరు తెరచి, నీ పాపమే నీ కష్టానికి కారణమని వాదించినప్పుడే తప్పుచేసినారు. దేవుడు చివరకు కోపగించినది వారిమీదనే. పౌలు తిమోతి కడుపునొప్పికి ప్రార్థనతో సరిపెట్టక, ఆనాడు మందుగా వాడే ద్రాక్షారసాన్ని కొద్దిగా పుచ్చుకొమ్మని సలహా ఇచ్చినాడు. ఆయన సహచరుడైన లూకా వైద్యుడే. మందు తీసుకొనటం విశ్వాసానికి ద్రోహం కాదనుటకు ఇంతకంటె నిదర్శనమేమి కావలెను?

చరిత్రలో మరొక ఉదాహరణ చూడవచ్చును. ఇంగ్లండులో సుప్రసిద్ధ బాప్టిస్టు ప్రసంగీకుడైన చార్లెస్ స్పర్జన్ 1856 అక్టోబరు 19న లండనులోని సర్రే గార్డెన్స్ మ్యూజిక్ హాలులో ప్రసంగించుచుండగా, ఎవరో "మంట" అని కేకవేసినారు. తొక్కిసలాటలో ఏడుగురు మరణించినారు. అప్పటికి ఆయన వయస్సు 22 ఏళ్ళు. ఆ దిగులు ఆయనను జీవితాంతం వెంటాడినది. ఆయన దానిని దాచుకొనలేదు. తన వద్ద శిక్షణ పొందే యువబోధకులకు చేసిన ఉపన్యాసాలలో ఒకటి పూర్తిగా ఈ కుంగుబాటును గూర్చినదే. శరీర రుగ్మత, ఎడతెగని శ్రమ, గాలి వెలుతురు లేని గదిలో నిరంతరం కూర్చుండుట – వీటిని కూడా కారణాలుగా ఆయన పేర్కొన్నాడు. అంతటి విశ్వాసి తన దిగులులో శరీరానికి పాత్ర ఉన్నదని ఒప్పుకొన్నప్పుడు మనకు సంకోచమెందుకు?

తూచవలసిన మూడు ప్రశ్నలు

ఇక ఏ సలహా ఎదురైనను మూడు ప్రశ్నలు వేసుకొనుట మేలు.

మొదటిది: ఇది ఏ విధమైన మాట? కొన్ని సలహాలు శరీరానికి సంబంధించినవి. వానిని శాస్త్రంతో తూచవలెను. కొన్ని మంచిచెడులకు, జీవితపరమార్థానికి సంబంధించినవి. వానిని విశ్వాసంతో తూచవలెను. ఉదాహరణకు, ఆందోళన కలిగినప్పుడు నిదానంగా ఊపిరి వదలుమన్న సలహా శరీరానికి సంబంధించినది. నెమ్మదిగా ఊపిరి వదలినప్పుడు గుండెవేగం తగ్గుతుంది. ఇది ఏ మతస్థునికైనా ఒకటే. దానితోపాటు మరొక మతపు మంత్రం జపించుమంటే, అది మనస్సాక్షికి సంబంధించినది. వద్దనుకొన్నవారు దానిని విడిచి, ఊపిరి అభ్యాసం మాత్రం చేసుకొనవచ్చును. అట్లే, "నీకు తోచినదే సత్యం" అన్నది వైద్యుని మాట కాదు. వైద్యుని కోటు తొడుగుకొన్న ఒక తత్త్వం. "మాత్రలు మానివేయి" అన్నది విశ్వాసపు మాట కాదు. ప్రార్థన ముసుగు వేసుకొన్న వైద్యసలహా. మనోవ్యాధికి వాడే మందులలో అనేకం పనిచేయుటకు కొన్ని వారాలు పడుతుంది. వైద్యునికి చెప్పక హఠాత్తుగా మానినచో బాధ తిరుగబెట్టవచ్చును.

రెండవది: చెప్పువారెవరు, వారికి లాభమేమి? ఎం.బి.బి.ఎస్. తరువాత మనోరోగశాస్త్రం చదివిన వైద్యుడు మందులు వ్రాయగలడు. క్లినికల్ సైకాలజిస్టు మాటలద్వారా చికిత్స చేయగలడు. సంఘకాపరి ఆత్మీయమైన ఓదార్పు ఇవ్వగలడు. ఎవరి పని వారిది. వీరిలో ఎవరూ కాక, చూచేవారి సంఖ్యనుబట్టి ఆదాయం పొందే వ్యక్తి మాటను అదే బరువుతో తీసుకొనరాదు. చివరలో ఏదైనా పాఠక్రమమో, నూనెసీసాయో, పొడియో కొనుమన్నచో మరింత జాగ్రత్త అవసరం.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది: ఈ సలహా నన్ను మనుష్యుల దగ్గరకు చేర్చుచున్నదా, దూరం చేయుచున్నదా? "ఎవరికీ చెప్పకు", "వారికి నీవు అర్థం కావు", "అందరితో తెగతెంపులు చేసుకో" అనే మాటలు శాస్త్రం పేరుతో వచ్చినను, దేవుని పేరుతో వచ్చినను అనుమానింపదగినవే. తలిదండ్రులను సన్మానించవలెనన్నది ఆజ్ఞ. అయితే ఇంటిలోనే కొట్టుటయో, లైంగిక వేధింపో జరుగుచున్నచో దానిని దాచిపెట్టుమని ఏ ఆజ్ఞా చెప్పదు. నమ్మదగిన మరొక పెద్దకు చెప్పుట, 18 ఏళ్ళలోపువారు 1098 నెంబరుకు ఫోన్ చేయుట తప్పు కాదు.

చికిత్సను పూర్తిగా ప్రక్కకు నెట్టినచో ఏమి జరుగునో మన దేశం ఒకసారి చూచినది. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో, మనోవ్యాధిగ్రస్తులను గొలుసులతో కట్టి ఉంచిన ఒక ప్రైవేటు వసతిగృహంలో మంటలు చెలరేగి 28 మంది మరణించినారు. గొలుసులవలన వారు పారిపోలేకపోయినారు. స్వస్థత కోరి అక్కడకు తీసుకొనివచ్చిన కుటుంబాల భక్తి దోషం కాదు. భక్తి ఉన్నచోట వైద్యం అక్కరలేదనుకొనుట, రోగిని మనిషిగా చూడకపోవుట దోషం. ఇందుకు భిన్నంగా, 1900లో అమెరికా మిషనరీ ఐడా స్కడ్డర్ ప్రారంభించిన చిన్న వైద్యశాలనుండి ఎదిగిన వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో మనోవైద్య విభాగమున్నది. అక్కడ రోగితో కుటుంబసభ్యులు కలసి ఉండి చికిత్సలో పాలుపంచుకొంటారు. ఒకే ప్రాంగణంలో ప్రార్థనామందిరమూ, మందులూ ఉన్నవి.

ఈ విషయంలో మన ముస్లిం సోదర విద్యార్థుల సంప్రదాయం కూడా భిన్నం కాదు. కుమారుని ఎడబాటుతో యాఖూబ్ ప్రవక్త కన్నులు తెల్లబడినవని ఖుర్‌ఆన్ చెప్పుచున్నది. ఆ దుఃఖాన్ని అది అవిశ్వాసంగా ఎంచలేదు. సుమారు వేయి సంవత్సరాలకు పూర్వమే అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు దేహపోషణతోపాటు మనఃపోషణను గూర్చి కూడా గ్రంథం వ్రాసి, దిగులు, భయం, కోపం వంటి వానిని వివరించినాడు. మన రెండు సంప్రదాయాలూ చికిత్సను దేవుని దయలో భాగంగానే చూచినవి.

వెంటనే చేయవలసినది

దిగులు, నిరాసక్తత రెండు వారాలకు పైగా దాదాపు ప్రతిదినమూ ఉండి, నిద్ర, ఆకలి, చదువు చెడినచో వైద్యునికి చూపించుకొనవలెను. చనిపోవలెనన్న తలంపు వచ్చినచో సలహాలు తూచుకొంటూ కూర్చుండరాదు. ఆ క్షణమే ప్రక్కనున్న మనిషిని లేపి చెప్పవలెను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలి మానస్ సేవకు 14416 నెంబరుపై రాత్రింబవళ్ళు ఉచితంగా, తెలుగులోనే మాట్లాడవచ్చును. ఆత్మహత్యాయత్నం చేసినవారిపై పోలీసు కేసు పెడతారన్న భయంతో కుటుంబాలు దాచిపెట్టేవి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షను అట్టివారిని తీవ్రమైన ఒత్తిడికి లోనైనవారిగా భావించి, వారికి చికిత్స అందించుట ప్రభుత్వ బాధ్యత అన్నది.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక విన్నపం. విద్యార్థి అర్ధరాత్రి తెరను అడుగుచున్నాడంటే, పగటివేళ అడుగుటకు మనిషి దొరకలేదన్నమాట. వారానికి ఒక గంట, తలుపు వేసి వినగల ఒక అధ్యాపకుడు, ఒక అధ్యాపకురాలు ఉన్నచో చాలును. అవసరమైనప్పుడు పంపదగిన వైద్యుని, సంఘకాపరి, మౌల్వీ సాహెబుల పేర్లు వారివద్ద ఉండవలెను.

మిత్రులారా! ప్రార్థన మానవద్దు, మందూ మానవద్దు. ఈ రెంటిలో ఒకటి విడువుమన్న సలహాను మొదట అనుమానించండి. మీ తోటివాడు కుంగిపోయి కనిపిస్తే, బదరీవృక్షం క్రిందికి వచ్చిన దేవదూతను తలచుకొనండి. బోధకు ముందు భోజనం పెట్టండి, ప్రక్కన కూర్చుండండి, వైద్యుని వద్దకు తోడు వెళ్ళండి.