చౌల్దారీ నుంచి ఒక దరఖాస్తు

పార్లమెంటు సమావేశాలు లేని రోజుల్లో ఢిల్లీ విలేఖరికి ఉత్తరాలు చదువుకునే తీరిక చిక్కుతుంది. ఈ వారం నా బల్లమీదికి వచ్చిన ఉత్తరాలలో ఒకటి దక్షిణ అండమాన్‌లోని చౌల్దారీ నుంచి. రాసినది పదవ తరగతి చదువుతున్న తెలుగు అమ్మాయి. తాతగారు శ్రీకాకుళం తీరం నుంచి వలస వెళ్లినవారు. తండ్రి వక్కతోటలో పనిచేస్తాడు. కొన్నాళ్ల క్రితం ఆ దీవులకు వెళ్లినప్పుడు వారి ఇంట కొబ్బరినీళ్లు తాగాను. ఆ పరిచయాన్ని పురస్కరించుకొని, "బాబుగారూ, అమెరికాలో ఏడాదిపాటు హైస్కూలు చదువుకు దరఖాస్తు పెడుతున్నాను. నా ఇంగ్లీషు దిద్ది పంపండి" అని కోరింది.

చూడటానికి ఇది ఒక కుటుంబ వ్యవహారం. కాని దాని మూలాలు చట్టసభలలో ఉన్నాయి. 2001 సెప్టెంబరు 11 నాటి దాడుల అనంతరం, 2002లో, సెనేటర్లు ఎడ్వర్డ్ కెన్నెడీ, రిచర్డ్ లూగర్‌ల చొరవతో అమెరికన్ కాంగ్రెసు ఈ ఉపకార వేతన పథకాన్ని నెలకొల్పింది. ముస్లిం జనాభా గణనీయంగా ఉన్న దేశాల విద్యార్థులకు ఉద్దేశించిన ఈ పథకంలో భారతదేశానికీ చోటు లభించింది. మన దేశం నుంచి ఇతర మతాల పిల్లలూ వెళ్లివచ్చారు. ఎంపికైతే ప్రయాణం, బస, చదువు ఖర్చు పథకమే భరిస్తుంది. అక్కడి కుటుంబం ప్రతిఫలం పుచ్చుకోకుండా బిడ్డను ఇంట్లో ఉంచుకుంటుంది. అయితే అమెరికాలో స్థిరపడటానికి ఇది దొడ్డిదారి కాదు. ఏడాది ముగియగానే తిరిగి రావాలి. స్వదేశంలో రెండేళ్లు గడిపేవరకు అక్కడి శాశ్వత నివాసానికి అర్హత ఉండదు.

ఈ విషయంలో జర్మన్ పార్లమెంటు అనుసరించిన పద్ధతి మన సభ్యులు గమనించదగినది. జర్మన్ వలస కుటుంబాలు అమెరికాలో కాలుమోపి మూడువందల ఏళ్లయిన సందర్భంగా 1983లో ఉభయ దేశాల చట్టసభలు విద్యార్థుల వినిమయానికి ఒప్పందం చేసుకున్నాయి. వడపోత పని స్వతంత్ర సంస్థలది. చివరకు మిగిలిన వారిలో తన నియోజకవర్గపు విద్యార్థిని ఎంచుకొని, ఆ పిల్లకో పిల్లవాడికో పెద్దదిక్కుగా నిలిచే బాధ్యత పార్లమెంటు సభ్యునిది.

మనదగ్గర ఇలాంటిది సాధ్యమా? ప్రతి ఎంపీకి పదేసి కేంద్రీయ విద్యాలయ సీట్లు సిఫారసు చేసే కోటా ఉన్న కాలంలో సభ్యుల బంగళాల ముందు తల్లిదండ్రులు బారులు తీరడం నేను కళ్లారా చూశాను. 2022లో ఆ కోటా రద్దయినప్పుడు ఊపిరి పీల్చుకున్న సభ్యులూ లేకపోలేదు. వడపోత లేని సిఫారసు సభ్యునికి భారం, అర్హులకు అన్యాయం. జర్మన్ల ఏర్పాటులో మెచ్చుకోవలసినది సభ్యుని అధికారాన్ని కాదు, దానికి ముందున్న జల్లెడను.

అండమాన్, నికోబార్ దీవులన్నిటికీ లోక్‌సభలో ఉన్నది ఒకే స్థానం. 1967 వరకు దానికీ ఎన్నిక లేదు. రాష్ట్రపతి నామినేట్ చేసేవారు. 2011 జనగణన ప్రకారం ఆ దీవుల జనాభాలో సుమారు 13 శాతం తెలుగు మాట్లాడేవారు. అక్కడి పిల్ల వీసా ఇంటర్వ్యూకు వెళ్లాలంటే చెన్నైకో కలకత్తాకో సముద్రం దాటాలి. వెయ్యి కిలోమీటర్లకు పైబడిన దూరం. ఓడలో మూడు రోజుల ప్రయాణం. విమానమెక్కితే కూలి కుటుంబానికి అప్పే గతి. పథకం ఉచితమే, కాని దాని గుమ్మందాకా వెళ్లే దారి ఉచితం కాదు. పైగా 2025 మే నెలాఖరులో అమెరికా విద్యార్థి, వినిమయ వీసాల కొత్త ఇంటర్వ్యూలకు తేదీలివ్వడం కొన్ని వారాలపాటు నిలిపివేసింది. వాషింగ్టన్‌లో ఒక సంతకం పడితే చౌల్దారీలో ఒక ఇంటి లెక్కలు తారుమారవుతాయి.

తండ్రి ఉత్తరం అడుగున తన చేతిరాతతో ఒకే ప్రశ్న వేశాడు: "తిరిగొచ్చాక మా అమ్మాయి ఏ క్లాసులో కూర్చుంటుంది బాబూ?" ఇన్నేళ్లుగా సభలో ఎన్నో ప్రశ్నలు విన్నాను, ఇంత సూటిగా అడిగినవి తక్కువ. దరఖాస్తుపై సంతకం పెట్టేముందు బడి ప్రధానోపాధ్యాయుని దగ్గర ఆ సమాధానం రాతపూర్వకంగా తీసుకొమ్మనీ, ఈ ఏడాది పథకం ఉన్నదో లేదో విచారించమనీ, ఒక ఏడాది నష్టపోయినా ఫరవాలేదనుకుంటేనే ముందుకు వెళ్లమనీ జవాబు రాశాను.

ఇక ఇంగ్లీషు సంగతి. తనకు ఆశ్రయమివ్వబోయే అపరిచిత కుటుంబానికి ఆ అమ్మాయి రాసిన లేఖలో దిద్దవలసినవి నాలుగైదు తప్పులే. ఒక చోట మాత్రం, "మా తాతగారు విశాఖలో ఓడ ఎక్కినప్పుడు దిగబోయే ఊరి పేరు ఆయనకు తెలియదట" అని రాసి, అనవసరమేమోనన్న సందేహంతో తానే కొట్టివేసింది. ఆ వాక్యాన్ని నేను మళ్లీ నిలబెట్టాను. ఆ అమ్మాయి ఎవరో ఆ అమెరికా కుటుంబానికి తెలిపే వాక్యం అదొక్కటే.