పంటి ఎముకను కరిగించేది ఎవరు?

పళ్లు తోముతుంటే చిగుళ్ల నుంచి రక్తం వస్తోంది, కొన్నాళ్లు బ్రష్ మానేస్తే తగ్గుతుందా అని ఒక పాఠకురాలు అడిగారు. తగ్గదు, పెరుగుతుంది. 1965లో డెన్మార్క్‌లో హారాల్డ్ లోయె బృందం 12 మంది ఆరోగ్యవంతుల చేత పళ్లు తోమడం మాన్పించి చూసింది. 10 నుంచి 21 రోజుల్లో అందరి చిగుళ్లూ వాచాయి. మళ్లీ తోమడం మొదలుపెట్టాక వారం పదిరోజుల్లో మామూలయ్యాయి. వాపుకు కారణం వయసూ కాదు, విటమిన్ల లోపమూ కాదు, పంటి మొదట్లో పేరుకునే పాచి అని తేలిపోయింది.

అయితే వాపు ముదిరి పళ్లు ఊడటానికి కూడా పాచి ఒక్కటే కారణమైతే, పాచి ఉన్నవాళ్లందరి పళ్లూ ఊడిపోవాలి కదా! ఆ లోయే 1970 నుంచి శ్రీలంక తేయాకు తోటల్లో 480 మంది కూలీలను పదిహేనేళ్లు పరిశీలించారు. వాళ్లకు దంతవైద్యం అన్నదే తెలియదు. అందరి పళ్లకూ పాచి, గార దండిగా ఉన్నాయి. అయినా 8 శాతం మందికి జబ్బు శరవేగంగా ముదిరింది, 11 శాతం మందికి చిగుళ్ల వాపు దాటి ముందుకే పోలేదు.

ఈ తేడా ఎక్కడిది? నాకు ఎంత చదివినా తనివి తీరనిది ఇక్కడే ఉంది. పాచిలోని బ్యాక్టీరియా పంటి చుట్టూ ఉన్న దవడ ఎముకను కొరికి తినదు. దాన్ని తరమడానికి న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు చిగుళ్లలోకి గుంపులుగా వస్తాయి. అవి వదిలే ఎంజైములు పంటిని పట్టి ఉంచే కొల్లాజెన్ పోగులను కూడా తెంపేస్తాయి. పోరు నెలల తరబడి సాగితే, రోగనిరోధక కణాలు ర్యాంకెల్ అనే ప్రొటీన్‌ను విడుదల చేస్తాయి. దాని పిలుపుతో ఆస్టియోక్లాస్టులు అనే కణాలు తయారై, ఎముకకు అతుక్కుని, ఆమ్లం కక్కి కరిగిస్తాయి. పంటి పునాదిని తవ్వేది మన సొంత కణాలే! ఎవరి శరీరం ఎంత తీవ్రంగా స్పందిస్తుందో, నష్టం చాలావరకు దాన్ని బట్టి ఉంటుంది.

పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ అనే బ్యాక్టీరియాకు ఈ పోరు కావాలి. వాపులో తెగిన ప్రొటీన్లు, రక్తంలోని ఇనుము దానికి మేత. అందుకే అది రక్షణ కణాలను తనను చంపనివ్వదు, వాపును మాత్రం ఆరనివ్వదు. 2011లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో ఇది కొద్ది సంఖ్యలో చేరినా ఎముక తరిగింది. వేరే సూక్ష్మజీవులేవీ లేని ఎలుకల్లో మాత్రం అది ఏమీ చేయలేకపోయింది. నోట్లోని మామూలు బ్యాక్టీరియాను రెచ్చగొట్టి పని కానిచ్చుకుంటుందన్నమాట.

ఇక నివారణ. పుక్కిలించే మందుల మీద అంత నమ్మకం వద్దు. వెనిగర్‌తో పుక్కిలించినా పాచి పై పొరలోని జీవులే చస్తున్నాయని 17వ శతాబ్దంలోనే సూక్ష్మదర్శినితో చూసిన లీవెన్‌హుక్ గమనించాడు. పాచిని రుద్ది తీయాల్సిందే, అదీ చిగురు అంచున, పళ్ల సందుల్లో. గారగా గట్టిపడితే డాక్టరే తీయాలి. క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులవుతాయన్న మాట ఇంటింటా వినిపిస్తుంది, నాకు విసుగు పుట్టించేదీ అదే. వదులు చేసేది లోపల అప్పటికే కరిగిన ఎముక. గార పోయాక ఆ వదులు బయటపడుతుంది, అంతే. పొగతాగేవారికి రక్తం అంతగా కనపడదు, జబ్బు మాత్రం ముదురుతుంది. మధుమేహం అదుపులో లేనివారికీ ఇది త్వరగా ముదురుతుంది.